వానను అద్దెకు తెచ్చిన మనిషి

కొండ మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఆ కొండకు దోవ వేసిన మనిషికి డబ్బు ఇవ్వలేదు. పని బాగాలేదని ఎవరూ అనలేదు. బిల్లు తప్పని ఎవరూ అనలేదు. ఇవ్వలేదు, అంతే. ఆ మనిషి ఈ ఎండాకాలంలో చనిపోయాడు.

ఇది ముందు చెప్పి మిగతాది తరువాత చెబుతున్నాను. మా వైపు ఇలాంటి సంగతి మొదలుపెడితే వినేవాడు మధ్యలో అడ్డం తగిలి, ఆయనదీ ఏదో తప్పుండి ఉంటుందిలే అంటాడు. డెబ్బై దాటిన నా చెవులు ఆ మాట చాలాసార్లు విన్నాయి. కరువు పనుల కాలంలో గుంత తవ్వినవాడికి కొలతలో కోత పెట్టినప్పుడూ ఇదే మాట. మిల్లులో హమాలీల కూలి ఆపినప్పుడూ ఇదే మాట. అందుకని తప్పు ఎవరిదో మొదటే రాసిపెట్టాను.

ఆయన పేరు రాయను. బతికి ఉన్నప్పుడు ఆ పేరు చాలా కాగితాల మీద పడింది. ఏ కాగితమూ ఆయనకు మేలు చేయలేదు. ఊళ్ళో అందరూ మేస్త్రి అనేవాళ్ళు. నేనూ అదే అంటాను.

మనిషి పొట్టి. భుజాలు మాత్రం ఎవరో పొడుగు మనిషివి తెచ్చి తగిలించినట్టు ఉండేవి. నడిచేటప్పుడు చేతులు రెండూ వెనక్కి కట్టుకునేవాడు, వీపు మీద మూటేదో ఉన్నట్టు. ఏ గడప ముందైనా చెప్పులు విడిచేవాడు. ఇల్లూ గుడీ సరే. బ్యాంకు ముందు, మందుల షాపు ముందు, కరెంటాఫీసు ముందు కూడా. ఒకసారి పామిడి బస్టాండు పక్కన ఏటీఎం బయట చెప్పులు విడిచి లోపలికి పోయాడు. అందులో డబ్బు లేదు. బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటూ "దేవుడు లేని గుడి అన్నా" అన్నాడు నాతో.

నేను పామిడిలో చెనిక్కాయ మిల్లులో కాటా దగ్గర పనిచేసినవాణ్ణి. బడి మూడో తరగతితో సరి. తరువాతి చదువంతా బస్తాల మీది అక్షరాలు, పొట్లాలు కట్టిన పేపర్లు, గుంతకల్లు స్టేషన్లో పాత పుస్తకాలవాడి దగ్గర కొన్న ఇంగ్లీషు నిఘంటువు. అర్జీలు రాయించుకోవడానికి నా దగ్గరికి జనం వస్తారు. మేస్త్రి అలాగే వచ్చాడు. వచ్చిన మొదటి రోజు చేతిలో చెనిక్కాయల సంచి ఉంది. మిల్లులో నలభై ఏళ్ళు చెనిక్కాయల మధ్యే బతికినవాడికి చెనిక్కాయలు తెచ్చావా అని నవ్వాను.

ఆ సంచి ఆయన పద్ధతి. ఎవరి దగ్గరికైనా బాకీ అడగడానికి పోవలసి వస్తే ఉత్త చేతులతో పోయేవాడు కాదు. దానికి ఆయన చెప్పే కారణం నాకు ఇప్పటికీ మాట మాట గుర్తుంది.

"వట్టి చేతుల్తో పోయి అడిగితే అది బిచ్చమన్నా. ఏదో ఒకటి వాళ్ళ చేతిలో పెట్టి అడిగితే బాకీ."

పంట పండిన ఏడు ఇంటి కాయలే. పండని ఏడు అంగట్లో కొని పట్టుకుపోయేవాడు. వసూలుకు పోతూ ఎదురు ఖర్చు పెట్టుకునేవాణ్ణి నేను ఆయనొక్కణ్ణే చూశాను. కంపెనీ సైటు ఆఫీసు వాచ్‌మన్లకు ఆయన పేరు తెలియదు. కాయలాయన వచ్చినాడు అని లోపలికి కబురు పంపేవాళ్ళు. లోపలివాళ్ళు కాయలు ఒలుచుకు తింటూ వచ్చే వారం చూద్దామనేవాళ్ళు. పొట్టు ఊడ్చేది కూడా ఆయనే.

ఆయన పని కొండలకు దోవలు వేయడం. రోడ్డు అనేవాడు కాదు, దోవ అనేవాడు. గాలిమర రెక్క రైలు పెట్టె కంటే పొడుగు. దాన్ని మోసే బండి కొండెక్కాలంటే మలుపులు వెడల్పుగా ఉండాలి, అంచుకు రాతికట్టు ఉండాలి, వాననీళ్ళు పోవడానికి పక్కన కాలువ ఉండాలి. రాతిలో బెజ్జాలు వేసే కంప్రెసరు, దాన్ని లాగే ట్రాక్టరు ఆయన సొంతం. ఆ రెండింటి చుట్టూ ముప్పై మంది ఆడా మగా ఉండేవాళ్ళు. దోవ పూర్తయిన రోజు ఒక తంతు జరిగేది. బండీ ఏదీ ఎక్కకముందు ఆయన ఒక్కడే చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకొని, కొండ కింది నుంచి పై దాకా నడిచి, మళ్ళీ కిందికి నడిచి వచ్చేవాడు. క్రేను వాళ్ళు ఇంజను ఆపుకొని కూర్చునేవాళ్ళు. అద్దె గంటల లెక్కన పెరుగుతుంటే ఇంజనీరు గడియారం చూసుకునేవాడు. మేస్త్రి మాత్రం సంతలో ఎద్దును చూస్తున్నవాడిలా నిదానంగా దిగి వచ్చి, పో నాయనా ఇంగ, అని డ్రైవరు వైపు చెయ్యి ఊపేవాడు. పాదాలకు ఏం తెలిసేదో నాకు తెలియదు. ఆయన్ని అడిగితే, ఏమీ తెలీదు, ఊరికే అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి విడమర్చాలి. గాలిమరలు పెట్టేది ఒక పెద్ద కంపెనీ. దాని దగ్గర దోవల పని తీసుకున్నది ఇంకో కంపెనీ. ఆ రెండో కంపెనీ దగ్గర పని తీసుకున్నవాడు మేస్త్రి. పెద్ద కంపెనీ రెండోదానికి ఇవ్వవలసింది ఇచ్చేసింది. అది అక్కడే ఆగిపోయింది. ఇకనుంచి నేను కంపెనీ అంటే ఆ రెండోదే.

దాని యజమాని మేస్త్రికి కొత్తవాడు కాదు. అనంతపురం మనిషి. ట్రాక్టరుతో కంకర తోలుకునే రోజుల నుంచి స్నేహం. ఇద్దరూ ఒకే క్యారియర్లో సంగటి తిన్నవాళ్ళు. ఆ రోజుల్లో యజమాని నోట్లను కళ్ళకు అద్దుకొని మేస్త్రి చేతిలో పెట్టేవాడట. తరువాత హైదరాబాదులో ఆఫీసు వచ్చింది, అద్దాల తలుపులు వచ్చాయి, ఇంగ్లీషులో ఆర్డరు కాగితాలు వచ్చాయి. మేస్త్రి వాటి మీద చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. ఆయన సంతకం పెట్టింది కాగితం మీద కాదు, ఆ క్యారియరు మీద.

ఆ కాగితాల్లో ఒక షరతు ఉంది. ప్రతి బిల్లులో కొంత పట్టి ఉంచుతారు. దోవ ఒక వానాకాలం నిలబడితే ఆ పట్టిందీ, చివరి బిల్లూ కలిపి ఇస్తారు. వానకు కోసుకుపోతే ఆ డబ్బుతోనే బాగు చేయిస్తారు. న్యాయమైన షరతే. ఎక్కడో వానలు పడే చోట కూర్చొని రాసి ఉంటారు.

ఆ ఏడు మాకు వాన పడలేదు.

మేస్త్రి సంచి పట్టుకొని పోయాడు. వాన పడందే దోవ నిలిచిందో లేదో ఎలా తెలుస్తుందండీ అన్నాడు సైటు ఇంజనీరు. కోస్తా వైపు అబ్బాయి, మర్యాద తెలిసినవాడు, పైవాళ్ళు చెప్పమన్నది చెప్పేవాడు. మరుసటి ఏడు చినుకులు పడ్డాయి. అవి చాలవన్నారు. వాన కురవకపోతే మా జిల్లాలో అందరూ నష్టపోతారు, అది మామూలే. వాన కురవలేదని ఒకడి కష్టార్జితం ఆపడం నా జన్మలో మొదటిసారి చూశాను. నాకు ఒళ్ళు మండింది. అర్జీ రాస్తానన్నాను. మేస్త్రి వద్దన్నాడు. వాళ్ళు అడిగేది వాననే కదా, చూద్దాంలే అన్నాడు.

అప్పటికి ఆయన ముప్పై మందికీ కూలి చెల్లించేశాడు. ఎక్కడి నుంచి అంటే, కంప్రెసరూ ట్రాక్టరూ గుంతకల్లులో ఒక ఫైనాన్సు ఆయన దగ్గర తాకట్టు పెట్టి. పని లేక మనుషులు బెంగుళూరు దారి పట్టారు. ఆ డబ్బు వస్తే కంప్రెసరు ఇంటికి వస్తుంది, కంప్రెసరు వస్తే మనుషులు ఊరికి వస్తారు. ఆయన లెక్క అంతే. ఎవరు పలకరించినా అదే చెప్పేవాడు, బస్సు ఎప్పుడొస్తుందో చెప్పినట్టు.

ఒక ఉదయం ఆయన నన్ను కొండ దగ్గరికి రమ్మన్నాడు. చదువుకున్నవాడు ఒకడు సాక్షి ఉండాలన్నాడు. పోయి చూస్తే కొండ కింద నీళ్ళ ట్యాంకర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఇంజనీరును కూడా పిలిపించాడు. కొండకు వాన కురిపిస్తాడట.

మొదటి ట్యాంకరు పైకెక్కి పైపు వదిలింది. నీళ్ళు మలుపు దాకా వచ్చి, కాలువలోకి తిరిగి, రాతికట్టు పక్కనుంచి దిగడం మొదలుపెట్టాయి. ఎర్రమట్టి తడిసిన వాసన లేచింది. మేస్త్రి చెప్పులు విడిచి ఆ నీళ్ళ వెంట నడుస్తూ దిగాడు. దోవ ఎక్కడా కోసుకుపోలేదు.

రెండో ట్యాంకరు కదలబోతుంటే కింది ఊరి ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. ఆ ఊరికి నీళ్ళ బండి రాక చాలా రోజులైందట. ముందు నిలబడిన ఒక ముసలామె నడుమున చెయ్యి పెట్టుకొని ఆయన్ని పైకీ కిందికీ చూసింది.

"ఏమప్పా, మాకు గొంతు తడుపుకొనేకి లేకుంటే నువ్వు కొండకు నీళ్ళు పోస్తాండావా? కొండకు దప్పికైతాందని నీకు చెప్పిందా?"

వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. ఇంకొకామె, పోయనీలే అక్కా, కొండ కాపు కాస్తే మనకు కూలి దొరుకుతాది, అంది. మేస్త్రి తల గోక్కున్నాడు. పైపు తీసి ఆ ముసలామె బిందెలో పెట్టాడు. అందరివీ నింపుకోండమ్మా, మిగిలింది పోస్తాను అన్నాడు. మిగిలింది ఏముంటుంది. ట్యాంకర్లన్నీ ఆ ఊళ్ళోకే పోయాయి. అద్దె ఆయన ఇచ్చాడు.

ఇంజనీరు ఫోన్లో ఎవరితోనో మాట్లాడి వచ్చి, నొచ్చుకుంటూనే చెప్పాడు. "షరతులో వర్షం అని ఉందండి. ట్యాంకరని లేదు."

నేను ఏదో అనబోతుంటే తెల్ల కారు వచ్చి ఆగింది. యజమాని దిగాడు. ట్యాంకర్లను చూడగానే ఇంజనీరు ఆయనకు కబురు పెట్టి ఉంటాడు. పెద్దవాడైపోయాడు, మనిషి చిక్కాడు, ముఖం పాలిపోయి ఉంది. తడిసిన దోవ చూశాడు, బిందెలు మోసుకుపోతున్న ఆడవాళ్ళను చూశాడు, జరిగింది విన్నాడు. నవ్వు మొదలై దగ్గుగా మారింది. దగ్గు ఆగాక మేస్త్రి సంచిలో చెయ్యి పెట్టి రెండు కాయలు తీసుకున్నాడు.

"ఒరే, వాననే అద్దెకు తెచ్చినావు గదరా. నీ దుడ్లు నేను తేలేనా? ఈ నెలాఖరుకు నేనే నీ ఇంటికి తెస్తా. నువ్వు రావద్దు."

మేస్త్రి ముఖం అంత వెలగడం నేను ముందూ చూడలేదు, తరువాతా చూడలేదు. డబ్బు వస్తుందని కాదు. ఒరే అన్నందుకు.

నెలాఖరు కాకముందే యజమాని పోయాడు. గుండె.

ఆ వారమే పేపరు లోపలి పేజీలో చిన్న అక్షరాలతో ఒక ప్రకటన పడింది. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే రోగం నాకుంది కాబట్టి కనబడింది. బ్యాంకులు కంపెనీని దివాలా కోర్టుకు ఈడ్చాయి. కోర్టు ఒక అధికారిని పెట్టింది. కంపెనీ తాళాలు ఇక ఆయన చేతిలో ఉంటాయి. కంపెనీ ఎవరికి బాకీ ఉందో వాళ్ళంతా పద్నాలుగు రోజుల్లో రుజువులతో అడగాలి. అడిగినవాళ్ళకే ఉన్నదాంట్లో వాటా. నేను ఆ పేపరు పట్టుకొని మేస్త్రి ఇంటికి పోయాను. రొప్పుతూనే చదివి వినిపించాను. ఇప్పుడే రాద్దాం, బిల్లులు తీయమన్నాను.

ఆయన మంచం మీద కూర్చొని విన్నాడు. తీయలేదు.

"సావిల్లు అన్నా. పొయ్యి కూడా వెలిగించి ఉండరు. దినం కాకుండా ఎట్ల అడిగేది?"

అడిగేది ఇంటిని కాదు, కంపెనీని, అధికారిని, కోర్టును అని చెప్పాను. నాకు తెలిసిన చట్టమంతా చెప్పాను. చేతులు వెనక్కి కట్టుకొని లేచి గుమ్మం దాకా పోయి వచ్చాడు.

"నేను దుడ్లు తీసుకునింది ఆయన చేతిలోనుంచి. కంపెనీ చెయ్యి ఎట్లుంటాదో నేను చూల్లేదు."

ఈ పట్టింపు ఆయనొక్కడిదే కాదు, అది రాయకపోతే ఆయన్ని వెర్రివాడని అనుకుంటారు. మా వైపు చావింటికి అప్పులవాడు వచ్చినా పాడె మోయడానికే వస్తాడు, బాకీ అడగడానికి రాడు. దినం అయ్యేదాకా ఆ ఊసే ఎత్తడు. ఎంత కఠినమైన వడ్డీ వ్యాపారికీ ఈ నీతి ఉండేది. కరువులో మా నాయన చనిపోయినప్పుడు మా గడపలో నిత్యం కూర్చొని తిట్టే మనిషి పదకొండు రోజులు ఆ వీధిలోనే తిరగలేదు. అందుకే మేస్త్రితో గట్టిగా వాదించలేకపోయాను. చట్టం నా నోట్లో ఉంది. ఆచారం ఆయన వైపు ఉంది. నా నోట్లో ఉన్నది నాకే చేదుగా తగిలింది.

దినానికి ఆయన అనంతపురం పోయాడు. కాయల సంచి తీసుకుపోలేదు. కొత్త పంచె, తువ్వాలు తీసుకుపోయి, దగ్గరి బంధువులు పెట్టినట్టు యజమాని కొడుక్కు పెట్టాడు. గుండు చేయించుకొని అరుగు మీద కూర్చున్న ఆ కొడుకు ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకొని, చెయ్యి పట్టుకొని, పెద్దాయనా, నాయన నీ గురించే చెప్పినాడు, ఏడాది తిరగనీ, సంవత్సరీకం అయిపోతూనే మొదటి చెక్కు నీకే అన్నాడట. ఇంట్లో సూతకం ఉన్నంతకాలం లెక్కల ఊసు వద్దన్నాడట. మేస్త్రి వచ్చి నాకు ఇది తృప్తిగా చెప్పాడు. బిడ్డ పద్ధతి తెలిసినవాడన్నా, తండ్రిని పోలినాడు అన్నాడు. అయినా ఒక దరఖాస్తు పడేద్దామని నేను ఇంకా రెండుసార్లు అన్నాను. మాట తీసుకొని వచ్చి వెనకనుంచి కాగితం పంపితే ఏం మర్యాద అన్నాడు.

ఆ ఏడాది ఆయన ఎవరినీ అడగలేదు. చేతుల్లో కంప్రెసరు లేదు కాబట్టి చేనిగట్లకు రాళ్ళు పేర్చే కూలికి పోయాడు. కూతురు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో పనిచేసేది, ఇంటికి ఆమె పంపేది. ఎక్కడైనా గాలిమర తిరుగుతూ కనబడితే ఆగి చూసేవాడు. కోపంగా కాదు. మన దోవ మీద ఎక్కిందే అని పక్కవాళ్ళకు చూపించేవాడు.

సంవత్సరీకం అయింది. కొడుకు ఫోను ఎత్తలేదు. ఇద్దరం గుంతకల్లులో రైలెక్కి హైదరాబాదు పోయాం, కోర్టు పెట్టిన అధికారి ఆఫీసుకు. ఎత్తైన భవనం. మేస్త్రి అలవాటు ప్రకారం లిఫ్టు బయట చెప్పులు విడిచాడు. తలుపులు మూసుకొని లిఫ్టు పైకి పోయాక గానీ అవి కిందనే ఉండిపోయాయని మాకు తట్టలేదు. చల్లటి నున్నటి నేల మీద వట్టికాళ్ళతో నిలబడి, ఈ దోవ బాగుండాదన్నా అన్నాడు.

బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ముందు కాయల సంచి పెట్టాడు. ఆఫీసులో తీసుకోకూడదండీ అని ఆమె మెల్లగా పక్కకు జరిపింది. కంప్యూటర్లో వెతికింది. ఆయన పేరు ఎక్కడా లేదు. గడువు దాటి ఏడాది కావస్తోందని, ఇంకో సంస్థ కంపెనీని కొనడానికి ముందుకొచ్చిందని, ఆ ఒప్పందం ఖాయమైతే అడగనివాళ్ళ బాకీలన్నీ రద్దయిపోతాయని చెప్పింది. ఎందుకు అడగలేదు అని అడిగింది. యజమాని చనిపోయాడు కదా, సూతకం కదా అన్నాడు మేస్త్రి. అమ్మాయికి అర్థం కాలేదు. యజమాని ఇంటివాళ్ళే అడిగారు కదండీ అంది. వాళ్ళబ్బాయి కంపెనీకి అప్పిచ్చానని ప్రకటన వచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టుకున్నారు అంది.

ఇదా పద్ధతి తెలిసిన బిడ్డ అని అరిచాననుకుంటాను. వాచ్‌మన్ తొంగి చూశాడు. మేస్త్రి మాత్రం నా వైపు చూడలేదు. ఆ అమ్మాయినే చూస్తూ, తన డబ్బు సంగతి మరిచిపోయినట్టు, చాలా మెల్లగా అడిగాడు.

"దినం కాకుండానే అడిగినాడామ్మా? సొంత నాయన మీదనా?"

ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవచ్చు, కారణం రాయండి, సార్ ముందు పెడతాను అంది. దిగి వచ్చేసరికి కింద వాచ్‌మన్ ఆయన చెప్పులను గోడవారగా జత చేసి పెట్టి ఉన్నాడు. మేస్త్రి కాయల సంచి అతనికి ఇచ్చేశాడు.

రైల్లోనే అర్జీ రాయడం మొదలుపెట్టాను. కారణం అన్నచోట ఉన్నదున్నట్టు రాశాను. మా ప్రాంతంలో మరణం జరిగిన ఇంటివారిని బాకీ అడగరని, అందుకే ఆలస్యమైందని. తరువాత కొడుకు మాటిచ్చిన సంగతి, వాడు వెనకనుంచి చేసిన సంగతి రాశాను. మేస్త్రి చదివించుకొని కొడుకు సంగతంతా కొట్టేయమన్నాడు. నిన్ను ముంచినవాణ్ణి వెనకేసుకొస్తావేమప్పా అని మండిపడ్డాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, ఆ పిల్లోణ్ణి మాటంటే ఆ పోయినాయనకు తగుల్తాదన్నా అన్నాడు. కొట్టేశాను. ఒక్కటే వాక్యం కొత్తగా చేర్పించాడు. నేనే అడగలేదు, ఎవరి తప్పూ లేదు అని. ఆ వాక్యం రాస్తుంటే నా చేయి రాలేదు. ఇప్పుడు ఇది రాయడం అందుకే అనుకోవచ్చు.

అర్జీ పోయింది. జవాబు లేదు. నేను నెలనెలా గుర్తుచేస్తూ రాశాను, కింద మా వీధి నెట్ సెంటరు మెయిలు రాసి. కొత్త సంస్థ కొనుగోలు వాయిదాలు పడుతూ వచ్చింది, అదొక్కటే ఆశ. మేస్త్రి వారానికి ఒకసారి వచ్చి, పలికినారాన్నా అని అడిగేవాడు. లేదప్పా అంటే, పనుల్లో ఉంటారులే అనేవాడు. రెండోమాట అనేవాడు కాదు. ఆ నిదానం చూస్తే నాకు కంపెనీ కంటే ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చేది. ఒకసారి ఆ మాట అనేశాను. ఆయన నవ్వి, నువ్వు నా తరపున కోపం చేసుకుంటాండావు కదా, ఒకరు చాల్లే అన్నాడు.

ఈ ఎండాకాలంలో పక్క ఊళ్ళో చేనిగట్టు మీద రాయి సర్దుతూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. చెప్పులు గట్టు కింద విడిచి ఉన్నాయి.

బెంగుళూరు నుంచి ఆ ముప్పైమందిలో చాలామంది వచ్చారు. గుంతకల్లు ఫైనాన్సు ఆయన కూడా వచ్చాడు. కంప్రెసరు ఇప్పటికీ ఆయన షెడ్డులోనే ఉంది, వడ్డీ పెరుగుతూనే ఉంది. ఆయన చొక్కా విప్పి, భుజాన తువ్వాలు వేసుకొని, పాడె ముందు కొమ్ము పట్టాడు. శ్మశానం దాకా మోశాడు. స్నానం చేసి, మేస్త్రి భార్యకు దూరం నుంచే దండం పెట్టి బస్సెక్కాడు. అప్పు మాట ఎత్తలేదు.

మరునాడే నేను హైదరాబాదు అధికారికి కబురు పంపాను. అర్జీదారు చనిపోయాడు, కనీసం ఇప్పుడైనా పలకండి అని. అంతకాలం పలకని ఆఫీసు చావు కబురుకు వెంటనే పలికింది. దినానికి ఇంకా ఎనిమిది రోజులు ఉంది. నెట్ సెంటర్లో ఆ జవాబు కాగితం మీద తీయించుకొని ఆయన ఇంటికి పోయాను. భార్య లోపల గోడకు ఆనుకొని ఉంది. రాయదుర్గం నుంచి వచ్చిన కూతురు బయటికి వచ్చింది. జవాబు చదివి, అర్థం చెప్పి, రేపే తహసీల్దారు ఆఫీసుకు పోదాం పదమన్నాను. ఆ బిడ్డ తల వంచుకొంది. చేతులు వెనక్కి కట్టుకొని ఉంది.

"దినం కానీ పెద్దనాయనా. నాయన బూడిద ఆరకుండానే దుడ్లకు తిరుగుతాండామంటే ఎట్లుంటాది?"

నేను మళ్ళీ వాదించాను. ఆమె మళ్ళీ అదే చెప్పింది. ఇంటికి వచ్చి, ఆ ఇంగ్లీషు జవాబును నాకు చేతనైన తెలుగులోకి దించాను. ఇదీ అది:

"అయ్యా, మీ లేఖలు అందాయి. సంస్థ యజమాని కుటుంబంలో మరణం సంభవించినందున క్లెయిము సకాలంలో దాఖలు చేయలేదన్న మీ వివరణను తగిన కారణంగా పరిగణించలేము. అయితే క్లెయిముదారు మరణించినట్లు మీరు తెలిపినందున, అతని వారసులు మరణ ధ్రువపత్రము, వారసత్వ ధ్రువపత్రములతో తాజాగా అర్జీ దాఖలు చేసినచో దానిని కోర్టు ముందు ఉంచగలము. ఆ పత్రములు ఈ లేఖ తేదీ నుండి ఏడు రోజులలోగా అందవలెను. గడువు పొడిగించబడదు. కుటుంబంలో మరణం జరిగినదన్నది ఆలస్యానికి కారణంగా అంగీకరించబడదు."